సగానికి తెగిన బేరం

మొన్న డాక్టరమ్మ నా మెడ కింద వేళ్లు పెట్టి చూసి, రక్తం రిపోర్టు చదివి, చీటీ మీద ఒక చిన్న మాత్ర పేరు రాసింది. "రోజూ పరగడుపున ఒకటి వేసుకోవాలమ్మా. జీవితాంతం" అన్నది. ఆమె వయసు మా షాపులో చీరలు మడతపెట్టే అమ్మాయి వయసే ఉంటుంది. అంత పెద్ద మాటను ఆమె అంత తేలిగ్గా నా ముందు పెట్టేసరికి, నేను ఆలోచించేలోపే నా నోరు పని మొదలుపెట్టింది. "సగం వేసుకుంటే సరిపోదా మేడమ్?" ఆమె నవ్వింది. "ఇది కూరగాయల బేరమా అమ్మా?" నేనూ నవ్వాను. బేరమాడకుండా నేను ఈ జన్మలో కొన్నది పోస్టాఫీసు స్టాంపు ఒక్కటే, దానికీ ఒకసారి ప్రయత్నించాను. నవ్వు అయ్యాక ఆమె అందరినీ అడిగే ధోరణిలోనే అడిగింది: "మీ ఇంట్లో ఇంకెవరికైనా థైరాయిడ్ గానీ, బొల్లి గానీ, చిన్నప్పుడే వచ్చిన షుగర్ గానీ, కీళ్ల వాపులు గానీ, లివర్ జబ్బు గానీ ఉన్నాయా?" నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఇదే ప్రశ్నను నేను ఇదివరకు ఒకసారి విన్నాను, ఇంకో గదిలో, ఇంకో డాక్టరు నోట, మా తాత పక్కన నిలబడి.

జహీరాబాద్ పాత బజారులో మాది బట్టల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక పరదా. పొద్దున్నే తాత విభూతి పెట్టుకుని గద్దె మీద కూర్చునేసరికి నాయనమ్మ పరదాకు దుకాణం వైపు గోడకు చేరగిలబడి తాంబూలం సంచి విప్పేది. ఊదు పొగ, కొత్త బట్ట థాన్ల గంజి వాసన, తడి సున్నం వాసన కలిసి మా ఇంటికి ఒక వాసన ఉండేది. ఆ వాసనలోంచి నాయనమ్మ వక్క కోసే అడకత్తెర టక్కుమని మోగేది. మా ఇంట్లో గడియారం లేని లోటు ఆ టక్కుతో తీరేది. టక్కుమన్నదంటే బోణీ కాబోతున్నదని లెక్క. న్యాల్‌కల్ దిక్కు నుంచి కన్నడం కలిపి మాట్లాడే రైతులు, కోహీర్ నుంచి జామకాయలు అమ్మి ఖాళీ గంపలతో వచ్చే ఆడవాళ్లు, వెనక గల్లీ నుంచి బురఖాలలో బేగంలు వచ్చేవాళ్లు. తాత ఎవరి భాషలో వాళ్లకు అబద్ధం చెప్పేవాడు. నాయనకూ మీటరు కర్రకూ మా ఇంట్లో ఒకే హోదా, తాత చేతికి తీసుకున్నప్పుడే పని. అమ్మ సంగతి చెప్పడానికి ఏమీ లేదు, ఆమె వంటింట్లో ఉండేది.

తాత మాకు అక్షరాలకంటే ముందు రెండు సంగతులు నేర్పాడు. ఒకటి, ఎదుటివాడు మొదట చెప్పింది ధర కాదు, వాడి ఆశ. దానిలో సగం దగ్గర నువ్వు మొదలుపెట్టాలి. రెండు, మరక ఉన్న మడత ఎప్పుడూ లోపలికి ఉండాలి, విప్పి చూపించాల్సింది బాగున్న వైపు. నేను ఈ రెండింట్లోనూ బడికంటే బాగా పాసయ్యాను. నా చెల్లె రేణుక పాసవలేదు. మేమిద్దరం దుకాణం ఆట ఆడితే అది నేను అడిగినంతా ఇచ్చేసి, పైగా "ఇంకా గావాల్నా అక్కా?" అనేది. తాత పరదా ఎత్తి చూసి, "ఇది గద్దె మీద గూసుంటే మనమంత బస్టాండ్ల చెంబు వట్టుకోవాలె" అనేవాడు. అందరం నవ్వేవాళ్లం. రేణు అందరికంటే ఎక్కువ నవ్వేది.

మరక ఉన్న మడత మా ఇంట్లో ఒకరున్నారు. నాయన చెల్లెలు, మా కమలత్త. ఆమెకు చిన్నతనంలోనే వేళ్ల కొసల దగ్గర తెల్లమచ్చలు మొదలై మోచేతులు దాటాయి. ఒకసారి రాయికోడ్ నుంచి చూపులకొచ్చారట, పొడుగు చేతుల జాకెట్ తొడిగి చాయ్ ఇప్పించారు. కప్పు అందుకునేటప్పుడు పిల్లవాడి తల్లి చెయ్యి పట్టుకుని ఆపి చూసింది. చాయ్ తాగకుండానే లేచి పోయారు. ఆ తర్వాత ఆమెను పరదా దాటనియ్యలేదు. ఆమె పరదా వెనక కూర్చుని బియ్యం ఏరుతూ, దుకాణానికొచ్చే గిరాకీల మీద, తాత మీద, దేవుడి మీద కసి తీర్చుకునేది. "మీ తాత ఆమెకు చీర అమ్మలే, కన్నం వేసిండు" అని మాకు చెప్పేది. ఆమె ఎవరినీ ముద్దు చేసేది కాదు. రేణు మాత్రం పుట్టినప్పటినుంచి ఆమె పక్కలోనే పడుకునేది. ఆ ఇంట్లో ఆమె చేతిని పట్టుకుని నిద్రపోయే మనిషి రేణు ఒక్కతే.

రేణు ముందు ఒళ్లు బరువు అన్నది. బడి నుంచి వచ్చి సంచి తీయకుండానే గోడవారగా పడుకునేది. ముక్కులోంచి రక్తం కారేది. మోకాళ్లు నొప్పి అంటే నాయనమ్మ "పెరిగే పోరికి నొప్పులు గాకపోతె ఏముంటయి" అన్నది. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లు అన్నారు. పక్క ఊళ్లో పసరు పోసే ఆయన దగ్గరికి తీసుకుపోయారు. ఉప్పు లేని జొన్నరవ్వ గటక, మజ్జిగ, నూనె వాసన తగలని పత్యం. పచ్చదనం కొంచెం తగ్గింది, మళ్లీ వచ్చింది. మళ్లీ పసరు. ఈసారి ఎర్రగా కాల్చిన సూదితో మణికట్టు మీద వాత కూడా పెట్టారు. రేణు ఏడుపు ఆపాక, వాత పెట్టినాయనకు డబ్బులు తక్కువిచ్చారని తాతను చూసి నవ్వింది. "సగం వాతకైతె ఇంక తక్కువనా తాతా?" అన్నది. అది చేసిన బేరం అదొక్కటే అనుకుంటాను. ఆ దినాల్లోనే కమలత్త దాని జడ వేస్తూ చెవి వెనక గింజంత తెల్లమచ్చ చూసింది. ఆమె వేళ్లు ఆగిపోవడం నేను చూశాను. నాయనమ్మను పిలిచి చూపిస్తే, నాయనమ్మ గబగబా పసుపు రుద్ది, జడ కిందికి దించి, "నోరు మూసుకో" అన్నది.

కడుపు ఉబ్బి, తిన్నది కక్కుకోవడం మొదలుపెట్టాక హైదరాబాద్ పెద్ద దవాఖానకు పోయాం. రేణు కమలత్తను వదలనన్నది గనక ఆమెను కూడా పరదా దాటించారు. నన్ను ఎందుకు తీసుకుపోయారో నాకు తెలియదు, అన్నం గిన్నె మొయ్యడానికి కావచ్చు. రక్తాలు తీశారు, పక్కటెముకల కింద సూది దించి కాలేయంలోంచి ముక్క తీశారు. ఆ వార్డులో మాత్రలు మింగించింది కమలత్తే. రేణు మాత్ర చేదుకు దాన్ని నాలుక కింద దాచి తర్వాత ఉమ్మేసేది. అత్త దాని గడ్డం పట్టుకుని, "నోరు తెరువు. నాలుక లేపు" అని, దీపం పెట్టి వెతికినట్టు చూసి గానీ వదిలేది కాదు. పక్క మంచాలవాళ్లు ఆమె చేతులను చూసి తమ పిల్లలను కొంచెం దూరం జరుపుకునేవారు. ఆమె వాళ్ల వైపు చేతులు ఊపి పలకరించేది.

ఒక పొద్దున పెద్ద డాక్టరు పిలిచాడు. నెమ్మదైన మనిషి, జేబు మీద సిరా మరక. ఇది పసరుకు పోయే కామెర్లు కాదన్నాడు. "ఒంట్లో రోగాలతో కొట్లాడే కాపలా ఒకటుంటుంది. ఈ పాపకు ఆ కాపలానే సొంత కాలేయాన్ని పరాయిదనుకుని కొరుక్కుతింటోంది. పిల్లల్లో వస్తుంది, ఆడపిల్లల్లో ఎక్కువ" అని చెప్పి, మీ ఇంట్లో ఎవరికైనా బొల్లి, గొంతు దగ్గర వాపు, చిన్నప్పటి షుగర్ వంటివి ఉన్నాయా అని అడిగాడు. తాత నిలువునా లేచి చేతులు జోడించాడు. "లేదు సార్. మాది సాఫ్ ఖాందాన్. కావాల్నంటే బజార్ల ఎవ్వర్నన్న అడుగుండ్రి." మరక మడత లోపలికి పోయింది. అప్పుడు కమలత్త తలుపు దగ్గర నుంచి నడిచి వచ్చి, జాకెట్ చేతులు పైకి లాగి, రెండు చేతులూ డాక్టరు బల్ల మీద పెట్టింది. గిరాకీ ముందు సరుకు పరిచినట్టు పరిచింది. "నాకున్నది సారూ. పిల్లకు చెవెనక మొదలైంది. జర చూడుండ్రి." డాక్టరు ఆమె చేతులను మామూలు చేతులను పట్టుకున్నట్టే పట్టుకుని చూశాడు. "మంచి పని చేశారమ్మా. ఇవన్నీ అక్కచెల్లెళ్ల లాంటి జబ్బులు, ఒకే ఇంట్లో తిరుగుతుంటాయి. అంటుకునేవి కావు" అన్నాడు. తాత ఆఖరు మాట వినలేదు. ఒకే ఇంట్లో తిరుగుతుంటాయి అన్నంత వరకే విన్నాడు.

మందు ఎన్నాళ్లు అని తాత అడిగితే, ఏళ్లు, బహుశా ఎప్పటికీ అన్నాడు డాక్టరు. నిమ్మళించింది గదా అని మీ అంతట మీరు తగ్గించినా, ఆపినా జబ్బు ముందుకంటే కోపంగా వస్తుందన్నాడు. తగ్గించాల్సి వస్తే నేనే కొంచెం కొంచెం తగ్గిస్తానన్నాడు. తాత మెల్లగా నవ్వి, గద్దె మీది గొంతుతో, "ఆరు నెలలకు మాట్లాడుకుందాం సారూ. నీ మాట వద్దు, నా మాట వద్దు" అన్నాడు. డాక్టరు ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాడు. జోకు అనుకున్నాడో, పిచ్చి అనుకున్నాడో. బయటికి వచ్చాక తాత మాకు వివరించాడు: "పెద్ద దుకాణం గదా, పెద్ద రేటు చెప్తడు."

బస్సులో ఆయన కమలత్తతో మాట్లాడలేదు. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, గద్దె మీద కూర్చున్నాక మాట్లాడాడు. "నీ పీడ పిల్లకు తగిలింది. డాక్టరే అన్నడు. ఇయ్యాళ్టి సంది నువ్వు దాన్ని ముట్టకు." అత్త "అంటుకునేది గాదన్నడు గద నాయినా" అంటే, "నలుగురిల నా ఇజ్జత్ బల్ల మీద వరిశినవ్, ఇగ నీ మాట ఇననా" అన్నాడు. తప్పు జబ్బుది కాదు, మరక విప్పి చూపించినదానిది. ఆ పూట నుంచి రేణు పక్క నా దగ్గరికి, మందుల పెట్టె నాయనమ్మ దగ్గరికి మారాయి. రేణు పరదా కింది నుంచి చెయ్యి చాపితే అత్త అటువైపు నుంచి పట్టుకునేది. తాత దగ్గు వినిపిస్తే రెండు చేతులూ వెనక్కి పోయేవి.

మొదట మాత్రలు పూర్తిగానే ఇచ్చారు. రేణు కళ్లు తెల్లబడ్డాయి, లేచి తిరిగింది. ఆకలి పట్టలేక వంటింట్లో జొన్నరొట్టెలు దొంగిలించి తినేది. ముఖం గుండ్రంగా ఉబ్బి, చెంపల మీద నూగు వచ్చింది. అది మందు గుణమని డాక్టరు ముందే చెప్పాడు. బడిలో పిల్లలు గుమ్మడికాయ అని పిలిచేవాళ్లు. దుకాణానికొచ్చినవాళ్లు మాత్రం, "సేట్ మనుమరాలు మంచిగ బొద్దుగైంది" అనేవారు. తాత మీసం దువ్వుకున్నాడు. సరుకు ఇంత బాగా కనిపిస్తుంటే ఇంకా పూర్తి ధర ఎందుకివ్వాలి? ఒక పొద్దున నాయనమ్మ మాత్రను అడకత్తెర నోట్లో పెట్టింది. ఒక సగం రేణుకు, ఒక సగం బిస్కట్ల డబ్బాలోకి.

పరదా వెనక బియ్యం ఏరే చప్పుడు ఆగింది. "అవ్వా, ఏం కోస్తున్నవే? వక్క చప్పుడు గాదది."

"నీకెందుకే?"

"డాక్టర్ తగ్గియ్యొద్దన్నడు! నువ్వు ఇన్నవా లేదా?"

"డాక్టర్ చెప్పింది మొదటి మాట" అన్నాడు తాత, కొత్త థాను దులుపుతూ. "నడిమిట్ల తెగుతది. నువ్వు బియ్యం చూస్కో."

మళ్లీ చూపించుకోవడానికి పోయినప్పుడు రక్తం బాగాలేదు. మందు సరిగ్గా ఇస్తున్నారా అని డాక్టరు అడిగితే, తాత "పూర్తిగ సార్, టైముకు సార్" అన్నాడు. డాక్టరు తల పట్టుకుని, ఇంత ఇచ్చినా ఆగడం లేదంటే అని గొణుక్కుంటూ మోతాదు పెంచాడు. తోవలో తాత సంతోషంగా ఉన్నాడు. "చూసినవా? గిరాకీ మళ్ల వచ్చిందని తెలిస్తె రేటు పెంచుతరు" అని నాకు పాఠం చెప్పాడు. పెంచిన దాన్ని కూడా సగం చేశారు. నేను ఆయన తెలివికి పొంగిపోయిన పిల్లను, అదెట్ల కాదంటాను. కమలత్త మాత్రం ప్రతి పొద్దూ ఆ చప్పుడుకు గోడకు తల కొట్టుకునేది. మొదట నిజంగానే, తర్వాత అలవాటుగా.

బతుకమ్మకు కొత్త సరుకు దిగిన పొద్దున రేణు పరదా ఎత్తి దుకాణంలోకి వచ్చింది. కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టక ఉత్త కాళ్లతో ఉంది. ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. రక్తం కక్కుకుంది, తెల్ల మల్లు థాన్ల మీద. తాత నోటి నుంచి వచ్చిన మొదటి మాట "థాన్లు దీయుండ్రి!" ఆ మాట అన్న క్షణంలోనే ఆయన ముఖం ఎలా అయిందో కూడా చూశాను, కానీ మాట ముందు వచ్చింది. కమలత్త పరదాను చింపినట్టే తోసుకుని వచ్చి, బజారు బజారంతా చూస్తుండగా, మచ్చల చేతులతో దాన్ని ఎత్తుకుంది. ఎవ్వరూ ముట్టొద్దనలేదు. హైదరాబాద్ దవాఖానకు ఎక్కించిన జీపు సదాశివపేట దాటకముందే అయిపోయింది. పైన కప్పడానికి తాత ఆ తడిసిన థానునే తెప్పించాడు. మిగతాది ఎట్లాగూ అమ్ముడుపోదు.

దినాలు కాకముందే ఆయన మిగిలిన మాత్రలు తీసుకుని మందుల దుకాణానికి పోయాడు. కోయని మాత్రల పట్టీలను దుకాణమాయన మొహమాటానికి తీసుకున్నాడు. బిస్కట్ల డబ్బా మూత తీసి సగాలు చూపిస్తే, "గివి నేనెవరికమ్ముత సేట్?" అన్నాడు. తాత డబ్బా తెచ్చి నాయనమ్మ ముందు పెట్టాడు.  ఆ సాయంత్రమే నాయనమ్మ అడకత్తెర పోయింది. సంచి దులిపింది, పరుపులు ఎత్తింది, చూరులో వెతికించింది. "కమలా, చూసినవానే?" అంటే అత్త "లేదే అవ్వా" అన్నది, బియ్యంలోంచి తల ఎత్తకుండా. కొత్తది కొనడానికి తాత ఒప్పుకోలేదు, ఇంట్లో పోయింది ఇంట్లోనే దొరుకుతుందన్నాడు. నాయనమ్మ బతికినన్నాళ్లూ వక్కను రాయితో చితక్కొట్టుకుని తిన్నది. పళ్లూడాక చితక్కొట్టే బలం కూడా లేక, వక్కను బుగ్గన పెట్టుకుని పసిపిల్లలా చప్పరించేది. కమలత్త ఆమె పక్కనే కూర్చుని చూస్తూ ఉండేది. తాత మారలేదు. ఆయన మారి ఉంటే ఈ సంగతి రాయడం నాకు సులువయ్యేది.

ఇప్పుడు మా షాపుకు గాజు తలుపులు వచ్చాయి. కార్ఖానాల్లో పనిచేసే ఆంధ్రా ఇంజనీర్ల భార్యలు వచ్చి, వేలాడే చీటీ మీది ధర చదివి, అంతా ఇచ్చి పోతారు. ఫిక్స్‌డ్ రేట్ బోర్డు రాయించింది నేనే, దాని కింద నిలబడి బేరం మొదలుపెట్టేదీ నేనే. రేణు జబ్బు జాడ ఇప్పుడు రక్తపరీక్షలతోనే చాలావరకు బయటపడుతుందట. ఆ మందులతోనే పిల్లలు పెద్దవాళ్లయి, పెళ్లిళ్లు చేసుకుని, తమ పిల్లలను బడికి పంపుతున్నారట. డాక్టరమ్మ చెప్పింది, నేను ఆమెకు జవాబు చెప్పాక. మేనత్తకు బొల్లి అన్నాను, చెల్లెకు లివర్ అన్నాను, తగ్గలేదా అంటే బేరం కుదరలేదన్నాను. ఆమె నవ్వాలో వద్దో తెలియక రాసుకుంది. బయట బెంచీ మీద ఒక తల్లి, ఉబ్బిన ముఖం పిల్లను ఒళ్లో పెట్టుకుని భర్తతో అంటోంది: "మంచిగైంది గద, ఇగ గోలీలు బంద్ చేద్దామా?" కాలం చాలా మారిందని రాద్దామనుకున్నదాన్ని. ఆ బెంచీ దగ్గర ఆగి, అడగకపోయినా ఆమెకు రెండు మాటలు చెప్పాను. పిచ్చిముసలిదాన్ని చూసినట్టు చూసింది.

కమలత్త ఇప్పటికీ ఉంది. వెనక గదిలో, చూపు సరిగ్గా ఆనకుండా, నోరు మాత్రం అంతే పదునుగా. ఒళ్లంతా తెల్లబడింది. మరక అనడానికి ఇప్పుడు మోకాలి దగ్గర పాత రంగే కొంచెం మిగిలింది. డాక్టరమ్మ దగ్గరికి పోయొచ్చిన తెల్లారి పరగడుపున నేను మాత్ర, నీళ్ల గ్లాసు పట్టుకుని ఆమె మంచం దగ్గర కూర్చున్నాను.

"ఏమన్నదే డాక్టరమ్మ?"

"రోజుకొక గోలి అత్తా. బతికినన్ని దినాలు."

"నువ్వెంతకడిగినవ్?"

"చిన్న గోలినే అత్తా" అన్నాను.

"నన్ను మాయ చెయ్యకే. ఎంతకడిగినవ్?"

"సగానికి."

 ఆమె దిండు కింద చెయ్యి పెట్టి, నూనెగుడ్డలో చుట్టిన దాన్ని తీసి, మెల్లగా విప్పింది. నాయనమ్మ అడకత్తెర. ఎక్కడా తుప్పు లేదు. ఇన్నేళ్లూ నూనె పట్టిస్తూనే ఉందన్నమాట. దాని నోరు బార్లా తెరిచి నా వైపు చాపింది.

"తే ఇటు" అన్నది. "కోసిస్త."

నేను మాత్రను నోట్లో వేసుకుని నీళ్లు తాగాను. ఆమె చెయ్యి గాలిలో వెతుక్కుంటూ వచ్చి నా గడ్డం పట్టుకుంది.

"నోరు తెరువు. నాలుక లేపు."

మనుమలున్నదాన్ని, బజారులో అందరి నోళ్లూ మూయించేదాన్ని, నోరు తెరిచి నాలుక లేపాను. ఆమె వేలు పెట్టి మూలమూలలా తడిమి చూసి, ఏమీ దొరక్క, నా గడ్డం వదిలింది. అప్పుడు అడకత్తెర మూసింది. టక్.